సీలు మీద సీలు: మన కాగితాలు సముద్రం దాటిన కథ

మన సొసైటీ సావనీరులో చరిత్ర వ్యాసమంటే ఖిల్లాలు, నవాబులు, పాత మసీదులు అని ఒక ఆనవాయితీ ఏర్పడిపోయింది. ఈసారి మేము దాన్ని కొంచెం పక్కకు జరిపి, మన ఇళ్లలో బీరువా పై అరలోనో, ట్రంకు పెట్టె అడుగునో కవరులో చుట్టిపెట్టిన కాగితాల సంగతి రాయదలచాం. నిఖానామా, పిల్లల పుట్టిన సర్టిఫికెట్టు, పదో తరగతి మార్కుల లిస్టు, డిగ్రీ పట్టా. గల్ఫు వెళ్లివచ్చిన కాగితమైతే వెనక పక్కన సీళ్లే సీళ్లు. కొన్ని ఇంగ్లీషులో, కొన్ని అరబ్బీలో, ఒకదాని మీద ఒకటి పడి, ఏ సంతకం ఎవరిదో పోల్చుకోలేనట్టు వుంటాయి. అవి ఎందుకు వేశారు, ఎప్పటి నుంచి వేస్తున్నారు అన్నది కూడా చరిత్రే. పైగా ఈ సంగతి తెలియక డబ్బు పోగొట్టుకున్న కుటుంబాలు, ఏళ్ల తరబడి భార్యాబిడ్డలకు దూరంగా వుండిపోయిన వారు మన మధ్యనే వున్నారు కాబట్టి కొంచెం వివరంగానే చెప్పుకుందాం.

పరాయి రాజ్యానికి పంపే కాగితానికి ముద్ర కావాలన్న సంగతి మనకు కొత్త కాదు. హుదైబియా ఒడంబడిక హిజ్రీ 6వ సంవత్సరంలో, అంటే క్రీ.శ. 628లో జరిగింది. ఆ తరువాత మన ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) వారు రూము చక్రవర్తికి, ఇరాన్ బాద్షాకు, మరికొందరు పాలకులకు ఉత్తరాలు పంపదలచారు. ముద్ర లేని ఉత్తరాన్ని ఆ రాజులు చదవరని కొందరు మనవి చేశారు. అప్పుడు వెండి ఉంగరం ఒకటి చేయించి, దాని మీద చెక్కించిన అక్షరాలను ముద్రగా వాడారని హదీసు గ్రంథాల్లో వుంది. ఆ ఉంగరం తరువాత హజ్రత్ అబూబకర్, హజ్రత్ ఉమర్, హజ్రత్ ఉస్మాన్ (రజియల్లాహు అన్‌హుమ్) గార్ల చేతికి వచ్చింది. హజ్రత్ ఉస్మాన్ గారి కాలంలో మదీనాలోని అరీస్ బావిలో పడిపోయింది. మూడు రోజులు వెతికినా దొరకలేదు.

ఇక్కడ గమనించవలసినది ఒకటి వుంది. పంపినవారి నిజాయితీని వారి శత్రువులు సైతం శంకించలేదు. మక్కా వాళ్లు వారిని అమీన్ అనే పిలిచేవారు. కాని దూరదేశపు రాజుకు ఆ మనిషి తెలియదు కదా. అతనికి ఆనవాలు ముద్ర ఒక్కటే. రియాద్‌లోనో కువైట్‌లోనో కౌంటరు వెనక కూర్చున్న గుమాస్తా పరిస్థితి కూడా ఇదే. మన ఊరి ఖాజీ గారు ఎంత పరహేజుగార్ అయినా, ఆయన ఇచ్చిన నిఖానామా ఎంత సత్యమైనా, ఆ గుమాస్తాకు ఖాజీ గారు తెలియరు.

అందుకే ఒక గొలుసు పుట్టింది. ఖాజీ గారి కాగితాన్ని నోటరీయో, సంబంధిత శాఖో చూస్తుంది. దాని మీది సంతకాన్ని రాష్ట్ర సచివాలయంలోని అధికారి ధ్రువపరుస్తారు. ఆ అధికారి సంతకాన్ని ఢిల్లీలోని విదేశాంగ మంత్రిత్వశాఖ ధ్రువపరుస్తుంది. మంత్రిత్వశాఖ సీలును ఆ దేశపు ఎంబసీ ధ్రువపరుస్తుంది. చివరకు అక్కడికి చేరాక, అక్కడి విదేశాంగశాఖ తన ఎంబసీ సీలును ధ్రువపరుస్తుంది. ఒక్కొక్కరి దగ్గర తమ కింది అధికారుల నమూనా సంతకాలు వుంటాయి. వాటితో సరిపోల్చి సీలు వేస్తారు, అంతే. ఎవరూ కాగితం లోపలి మాట జోలికి పోరు. మనవాళ్లు చాలామంది అటెస్టేషన్ అయిందంటే అందులో రాసినదంతా నిజమని సర్కారు ఒప్పుకున్నట్టు భావిస్తారు. పై సంతకం కింది సంతకాన్ని గురించి మాత్రమే చెబుతుంది. కాబట్టి మొదటి కాగితంలో పెళ్లికూతురి తండ్రి పేరు తప్పు పడితే, అయిదు సీళ్ల తరువాత కూడా అది తప్పుగానే వుంటుంది. కాకపోతే అప్పుడు దిద్దడానికి వీల్లేని తప్పు అవుతుంది. దిద్దుకోవాలంటే మళ్లీ మొదటి నుంచీ అన్ని సీళ్లూ వేయించుకోవాలి.

ఒకప్పుడు ఈ గొడవ లేదు. 1947 వరకు గల్ఫు తీరంలోని బ్రిటిషు రెసిడెంటు ఇండియా ప్రభుత్వం కింద పనిచేసేవాడు. కువైట్, బహ్రెయిన్, ఖతర్ బజార్లలో మన రూపాయే చెల్లేది. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత కూడా కొన్నేళ్లు అది సాగింది. 1959లో మన రిజర్వు బ్యాంకు గల్ఫు కోసం ప్రత్యేకంగా వేరే రంగు నోట్లు అచ్చువేసింది. హజ్ యాత్రికుల కోసం కూడా ఇలాగే పది రూపాయలు, వంద రూపాయల హజ్ నోట్లు తీశారు. ఈ సంగతి ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు. కువైట్ 1961లో, బహ్రెయిన్, ఖతర్, ఎమిరేట్స్ 1971లో పూర్తి స్వతంత్ర దేశాలయ్యాయి. ఆ తరువాత వాళ్ల రిజిస్టర్లు వాళ్లవి, మన రిజిస్టర్లు మనవి. 1973 యుద్ధంతో నూనె ధర కొద్ది నెలల్లోనే నాలుగింతల దాకా పెరిగి, అక్కడ రోడ్లు, ఆసుపత్రులు, భవనాల పని మొదలైంది. మనవాళ్లు బయలుదేరారు. హైదరాబాదు పాతబస్తీ నుంచి జిద్దాకు, రియాద్‌కు. రాయచోటి, రాజంపేట, కడప నుంచి కువైట్‌కు. కరీంనగర్, నిజామాబాదు నుంచి దుబాయికి.

అప్పటికి పాస్‌పోర్టు చట్టం కూడా కొత్తదే. అంతకు ముందు పాస్‌పోర్టు ఇవ్వడమా మానడమా అన్నది సర్కారు దయ. విదేశయానం వ్యక్తి స్వేచ్ఛలో భాగమని సుప్రీంకోర్టు 1967 ఏప్రిల్‌లో సత్వంత్ సింగ్ సాహ్నీ కేసులో తీర్పు చెప్పిన తరువాతనే, అదే ఏడాది జూన్‌లో, పాస్‌పోర్టుల చట్టం వచ్చింది. 1922 నాటి వలస చట్టం స్థానంలో కొత్త వలస చట్టం 1983లో వచ్చింది. వీటి గురించి రాసినవారు చాలామంది వున్నారు కాబట్టి మేము ఇంతటితో వదిలేస్తున్నాం.

మేము చెప్పదలచిన అసలు సంగతి గొలుసులోని మొదటి కడియం గురించి. అది మన చేతిలోనిది. అది ఎందుకు బలహీనంగా వుండిపోయిందో తెలియాలంటే నూటయాభై ఏళ్లు వెనక్కి పోవాలి.

కంపెనీ కాలంలో ఖాజీ అంటే సర్కారు నియమించిన అధికారి. దస్తావేజులకు ఆయన మొహరు పడితే దానికి విలువ. 1864లో ఇంగ్లీషు ప్రభుత్వం 11వ నంబరు చట్టంతో ఆ నియామకాలను ఎత్తివేసింది. దాంతో నిఖాలు ఎవరు చేయించాలి, రిజిస్టరు ఎవరు వుంచాలి అని చాలాచోట్ల గందరగోళం ఏర్పడింది. ముస్లిముల నుంచి, ముఖ్యంగా మద్రాసు రాజధాని నుంచి, ఫిర్యాదులు వెళ్లాయి. అప్పుడు వైస్రాయి శాసనసభలో సభ్యులుగా వున్న సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ గారు పూనుకొనగా 1880లో ఖాజీల చట్టం వచ్చింది. ఆ చట్టం మొట్టమొదట వర్తించినది మన మద్రాసు రాజధానికే. అంటే కడప, కర్నూలు, నెల్లూరు, గుంటూరు, కృష్ణా జిల్లాల మన పెద్దలకే. ఏ ప్రాంతంలోనైనా ముస్లిములు చెప్పుకోదగ్గ సంఖ్యలో వుండి ఖాజీ కావాలని కోరితే సర్కారు నియమించవచ్చునని అందులో వుంది. బాగానే వుంది. కాని నాలుగో సెక్షనులో ఒక మెలిక పెట్టారు. ఇలా నియమించిన ఖాజీకి న్యాయాధికారం గాని, పాలనాధికారం గాని ఏదీ రాదు. ఆయన లేకుండా నిఖా చేసుకోకూడదని కూడా లేదు. ఇంకెవరైనా ఖాజీ పని చేయవచ్చు.

దీని ఫలితం ఏమిటి? నిఖా షరియత్ ప్రకారం సంపూర్ణమే, సందేహం లేదు. ఈజాబు, ఖబూలు, మెహర్, ఇద్దరు సాక్షులు వుంటే చాలు. కాని కాగితం సంగతికి వచ్చేసరికి, ఒక ఊళ్లో సర్కారీ ఖాజీ గారు పక్కా రిజిస్టరు వుంచారు. పక్క ఊళ్లో పేష్ ఇమాం సాహెబు ఒక నోటుబుక్కులో రాసుకున్నారు. ఇంకో ఊళ్లో పెళ్లివారికే ఒక కాగితం ఇచ్చి, తమ దగ్గర నకలు కూడా వుంచుకోలేదు. ఊళ్లో అందరికీ తెలిసిన పెళ్లికి నకలు ఎందుకు అన్నది ఆనాటి ఆలోచన. తప్పు పట్టలేం. ఆ పెళ్లి కాగితాన్ని యాభై ఏళ్ల తరువాత అరబ్బు దేశపు గుమాస్తా చూస్తాడని ఎవరు ఊహించారు?

నిజాం రాజ్యంలో పరిస్థితి వేరు. అక్కడ ఖాజీలు సర్కారు ధార్మిక వ్యవహారాల శాఖ, అంటే ఉమూరె మజ్‌హబీ అజమాయిషీలో వుండేవారు. నిఖా వివరాలు సియాహాలో రాసి పంపే పద్ధతి వుండేది. హైదరాబాదు రాజ్యం పోయినా ఆ అలవాటు పోలేదు. తరువాతి కాలంలో నాంపల్లి హజ్ హౌస్‌లో వక్ఫ్ బోర్డు ఖజాత్ విభాగం ఆ రికార్డుల ఆధారంగా ఇంగ్లీషులో వివాహ ధ్రువపత్రాలు ఇస్తూ వచ్చింది. గల్ఫులో భార్యకు ఫ్యామిలీ వీసా తీయదలచిన వేలాది హైదరాబాదీలు ఆ కౌంటరు ముందు నిలబడినవారే. 1956లో రెండు ప్రాంతాలూ ఒకే రాష్ట్రమయ్యాయి, 2014లో మళ్లీ రెండయ్యాయి. కాని రికార్డుల విషయంలో రాయలసీమ ముస్లిము, తెలంగాణ ముస్లిము మొదటి నుంచీ వేరు వేరు దారుల్లో నడిచారన్నది గుర్తుంచుకోవాలి. పెళ్లిళ్ల రిజిస్ట్రేషను అన్ని మతాల వారికీ తప్పనిసరి చేస్తూ ఆంధ్రప్రదేశ్ చట్టం వచ్చింది 2002లో. అంటే గల్ఫు దారి తెరుచుకున్న పాతికేళ్ల పైన.

తెలంగాణ వారికి ఇంకో చిక్కు వుండేది. ఫస్లీ సంవత్సరం. నిజాం రాజ్యంలో స్కూలు రిజిస్టర్లు, సర్కారు కాగితాలు ఫస్లీలో రాసేవారు. ఆజూరు, దై, బహమన్ అని నెలలు. ఏడాది ఆజూరుతో, అంటే అక్టోబరు మొదటి వారంలో మొదలవుతుంది. ఫస్లీకి 590 కలిపితే క్రీస్తుశకం వస్తుందని అందరికీ తెలుసు. కాని జనవరి దాటిన తేదీలకు 591 కలపాలన్నది చాలామంది గుమాస్తాలకు తట్టలేదు. 1357 ఫస్లీలో పుట్టిన పిల్లవాడు 1947వాడా, 1948వాడా అన్నది నెలను బట్టి మారుతుంది. స్కూలు సర్టిఫికెట్టులో ఒక ఏడు, పాస్‌పోర్టులో ఇంకో ఏడు పడిన పెద్దమనుషులు 1970లలో, 80లలో ఎంతోమంది కనిపించేవారు. నిఖానామాలో హిజ్రీ తేదీ ఒక్కటే వుంటే అది మరో తగాదా.

ఇక పేర్లు. ఈ ఒక్క విషయం మీదే ఒక సావనీరు నింపవచ్చు. మనలో ఒకరి పేరు ముహమ్మద్ అని వుంటే, స్కూల్లో ఎం.డి. అని పొట్టిచేస్తారు, రేషను కార్డులో మహమ్మద్ అంటారు, పాస్‌పోర్టు గుమాస్తా మొహమ్మద్ అంటాడు. ఇంగ్లీషు అక్షరాల్లోకి వచ్చేసరికి ఆ ఒక్క పాక్ నామానికి నాలుగయిదు రూపాలు. షేక్, సయ్యద్, పఠాన్ అన్నవి ఒకచోట ముందు, ఒకచోట వెనక. కోస్తా, సీమ జిల్లాల్లో మనకు తెలుగు ఇంటిపేర్లు కూడా వున్నాయి, అవి ఒక కాగితంలో వుంటాయి, ఒకదాంట్లో వుండవు. ఆడవారి సంగతి మరీ అన్యాయం. పుట్టినప్పుడు బీ, నిఖానామాలో బేగం, ఓటర్ల జాబితాలో బాను. అరబ్బుల పద్ధతిలో మనిషి పేరు, తండ్రి పేరు, తాత పేరు వరుసగా రావాలి. మన పాస్‌పోర్టులో ఇంటిపేరుకు ఒక గడి, ఇచ్చిన పేరుకు ఒక గడి. ఈ రెండింటి మధ్య మనవాడు నలిగిపోతాడు. ఎవరి తప్పూ కాదనిపిస్తుంది గాని, నష్టం మాత్రం మనదే.

పుట్టుకల విషయం కూడా ముచ్చటించాలి. జనన మరణాల నమోదు చట్టం వచ్చింది 1969లో. ఏడాదిలోపు నమోదు చేయించకపోతే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలని అందులో నియమం. ఆసుపత్రిలో కానుపు అయినప్పుడు నమోదు అవుతుంది కాని, అఖీఖా కాలేదు, ఇంకా పేరు పెట్టలేదు అని పేరు గడి ఖాళీగా వదిలేయడం మన ఇళ్లలో పరిపాటి. పేరు తరువాత చేర్చుకోవచ్చునని అదే చట్టంలో వుంది. ఎవరు చేర్చారు? పిల్లవాడికి వీసా కావలసి వచ్చిన రోజున తీసి చూస్తే సర్టిఫికెట్టులో తండ్రి పేరు వుంటుంది, తల్లి పేరు వుంటుంది, పిల్లవాడి పేరు వుండదు.

ఇటువంటి కాగితాలు పట్టుకుని మనవాళ్లు ఢిల్లీ రైలు ఎక్కేవారు. తిలక్ మార్గ్‌లోని పాటియాలా హౌస్ ఆవరణలో విదేశాంగశాఖ కౌంటరు వుండేది. పొద్దున్నే వరుసలో నిలబడి కాగితాలిస్తే, సచివాలయం సంతకం వారి నమూనాతో సరిపోతే సీలు పడేది. సరిపోకపోతే, అంటే సచివాలయంలో అధికారి మారి కొత్త నమూనా ఇంకా ఢిల్లీ చేరకపోతే, తిరుగు రైలే. అక్కడి నుంచి ఎంబసీకి పోవాలి. సౌదీకి పోయే డిగ్రీ పట్టా అయితే యూనివర్సిటీ నుంచి అసలుదేనని ధ్రువీకరణ, ఆ పైన సౌదీ కల్చరల్ ఆఫీసు ముద్ర అదనం. హిందీ వచ్చినా ఢిల్లీ రానివారు, సెలవు మీద వచ్చి నెల రోజుల్లో తిరిగి పోవలసినవారు, ఈ పని బ్రోకర్లకు అప్పగించేవారు. మా ఎరుకలోనే ఒక బ్రోకరు పట్టణంలోని అయిదారు కుటుంబాల నుంచి అసలు సర్టిఫికెట్టులు, డబ్బు తీసుకుని మూడు నెలలు కనిపించలేదు. కనిపించాక ఇచ్చిన కాగితాల్లో రెండింటి మీద సీళ్లు దొంగవి. ఆ సంగతి బయటపడింది ఇక్కడ కాదు, ఎంబసీలో. తప్పు చేసినవాడు ఇక్కడ హాయిగా వుంటే, కాగితం తెచ్చినవాడు అక్కడ దొంగలాగా నిలబడవలసి వచ్చింది. డబ్బు పోతే పోయింది అనుకోవచ్చు. అసలు పట్టా పోతే మనిషి సగం పోయినట్టే.

ఈ మాట ఎంత నిజమో 1990లో తెలిసివచ్చింది. ఆ ఏడాది ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌ను ఆక్రమించాయి. అప్పుడు అక్కడ వున్న మన దేశస్థులను జోర్డాన్‌లోని అమ్మాన్ మీదుగా సుమారు రెండు నెలల్లో విమానాల్లో తీసుకొచ్చారు. లక్షా డెబ్బయి వేల మంది అని సాధారణంగా చెప్పే లెక్క. కడప జిల్లాలో ఆనాడు ఏ ఊళ్లో చూసినా కువైట్ నుంచి వచ్చినవారే. కొందరు కట్టుబట్టలతో వచ్చారు. గల్ఫులో పాస్‌పోర్టును యజమాని తన దగ్గరే పెట్టుకోవడం అలవాటు. యజమాని పారిపోతే పాస్‌పోర్టు కూడా పోయింది. జీతం బాకీ, బ్యాంకులో దాచుకున్న దినార్లు, గదిలో సామాను, అన్నీ అక్కడే.

యుద్ధం ముగిశాక 1991లో ఐక్యరాజ్యసమితి భద్రతామండలి ఒక పరిహార కమిషన్ను ఏర్పరిచింది. జెనీవాలో దాని ఆఫీసు. ఇరాక్ చమురు అమ్మకాల నుంచి డబ్బు తీసి నష్టపోయినవారికి ఇవ్వాలని ఏర్పాటు. మన విదేశాంగశాఖలో ఇందుకోసం కువైట్ ప్రత్యేక విభాగం తెరిచారు. క్లెయిములు ప్రభుత్వాల ద్వారానే వెళ్లాలి. ఇందులో 'ఎ' తరగతి అంటే యుద్ధం వల్ల దేశం వదిలి రావలసి వచ్చిన వ్యక్తులు. వారికి ఒక నిర్ణీత మొత్తం. ఒంటరికి 2,500 డాలర్లు, కుటుంబానికి 5,000. ఇంకే తరగతిలోనూ అడగబోమని ఒప్పుకుంటే 4,000, 8,000. దీనికి పెద్ద సాక్ష్యం అక్కర్లేదు. అక్కడ వున్నట్టు, ఫలానా కాలంలో వెళ్లిపోయినట్టు చూపితే చాలు. జీతం బాకీ, సామాను, వ్యాపారం వంటి అసలు నష్టం కావాలంటే 'సి' తరగతి. లక్ష డాలర్ల వరకు అడగవచ్చు, కాని తగిన రుజువు చూపాలి.

ఇక్కడ మనవాళ్లు రెండుగా చీలిపోయారు. ఇఖామా నకలు, కాంట్రాక్టు, బ్యాంకు చీటీ ఏదో ఒకటి ఇంటికి ముందే పంపిన వాళ్లు, పాస్‌పోర్టు జేబులో పెట్టుకుని బయటపడినవాళ్లు 'సి' తరగతి ఫారాలు నింపారు. మిగిలినవాళ్లు అమ్మాన్ విమానం ఆధారంగా 'ఎ' తరగతితో సరిపెట్టుకున్నారు. పదిహేనేళ్లు కువైట్‌లో కష్టపడినవాడికి, ఆరు నెలల కింద వెళ్లినవాడికి ఒకే మొత్తం. డబ్బు చేతికి రావడానికి ఏళ్లు పట్టింది. అంతలో చనిపోయినవారి విషయంలో వారసులెవరన్న ప్రశ్న. మళ్లీ నిఖానామా, మళ్లీ పుట్టిన సర్టిఫికెట్టు, మళ్లీ పేర్ల తేడా. మా అభిప్రాయంలో మన సమాజం కాగితం విలువ నేర్చుకున్నది ఆ అయిదారు సంవత్సరాల్లోనే.

తరువాతి కథ అపోస్టిల్‌ది. ఇది ఫ్రెంచి మాట, పక్కన రాసిన గుర్తు అని అర్థం. సీలు మీద సీలు వేసే బాధ యూరప్ దేశాలకు కూడా వుండేది. దాన్ని తగ్గించడానికి 1961 అక్టోబరు 5న హేగ్ నగరంలో ఒక ఒడంబడిక కుదిరింది. అందులో చేరిన దేశాల మధ్య ఒకే ఒక ధ్రువీకరణ చాలు. కనీసం 9 సెంటీమీటర్ల నలుచదరపు కాగితం, అందులో పది గడులు. ఏ దేశం, ఎవరు సంతకం చేశారు, ఏ హోదాలో, ఎవరి సీలు, ఎక్కడ, ఏ తేదీ, ఏ నంబరు వగైరా. ఎంబసీ గడప తొక్కనక్కర్లేదు. ఆ నంబరును ఇచ్చిన చోట రిజిస్టరులో సరిచూసుకోవచ్చు. మన దేశంలో ఇది 2005 జూలై 14 నుంచి అమలులోకి వచ్చింది. ఒడంబడిక పుట్టిన నలభై నాలుగేళ్లకు.

అయితే మనవాళ్లు పోయేది గల్ఫుకు కదా. గల్ఫు దేశాలు అందులో లేవు. 2012 జనవరిలో ఒమాన్‌లో, 2013 ఆఖరులో బహ్రెయిన్‌లో ఇది అమలయింది. సౌదీ అరేబియాలో 2022 డిసెంబరు 7 నుంచి. ఈ చివరిది మన హైదరాబాదు కుటుంబాలకు పెద్ద సంగతే. కాని ఎందుకో దీని గురించి మన ఇళ్లలో పెద్దగా చర్చ జరగలేదు. ఇప్పటికీ సౌదీ కాగితమంటే ఎంబసీ ముద్ర అని వసూలు చేసే ఏజెంట్లు వున్నారని విన్నాం. కువైట్, ఖతర్, ఎమిరేట్స్ 2025 మొదట్లో కూడా ఇంకా చేరలేదు. అక్కడికి పాత గొలుసే. పిల్లలు చదువుకు పోయే అమెరికా, ఇంగ్లండు ఎప్పటి నుంచో సభ్యులు. కెనడాలో 2024 జనవరి నుంచి అమలులోకి వచ్చింది.

ఢిల్లీ ప్రయాణం కూడా తప్పింది. 2012 జూలై నుంచి విదేశాంగశాఖ కాగితాలను జనం చేతి నుంచి నేరుగా తీసుకోవడం మాని, నియమించిన ఏజెన్సీల ద్వారా తీసుకుంటున్నది. 2019 నుంచి ఈ పనిని హైదరాబాదుతో సహా పలు నగరాలకు పంచింది. అపోస్టిల్‌కు మంత్రిత్వశాఖ రుసుము కాగితానికి 50 రూపాయలు. ఏజెన్సీ చార్జీలు వేరు. వేలల్లో అడిగే వాడెవడైనా ఆ తేడా దేనికో చెప్పవలసి వుంటుంది. ఇన్ని మారినా అపోస్టిల్ కూడా సంతకాన్ని, హోదాను, సీలును మాత్రమే ధ్రువపరుస్తుంది. లోపలి మాట సంగతి 628లో ఎంతో ఇప్పుడూ అంతే.

అటు నుంచి ఇటు వచ్చే కాగితాలు కూడా వున్నాయి. దుబాయిలో వున్న కొడుకు ఊళ్లోని ఇంటి స్థలం అమ్మే అధికారం తమ్ముడికి ఇవ్వాలంటే పవర్ ఆఫ్ అటార్నీ రాస్తాడు. 1908 రిజిస్ట్రేషను చట్టం 33వ సెక్షను ప్రకారం అది నోటరీ, జడ్జి, మేజిస్ట్రేటు లేదా మన కాన్సల్ ముందు రాసి ధ్రువపరచినదై వుండాలి. మన కాన్సల్ అధికారులకు ఈ పని చేసే అధికారం 1948 చట్టం ఇచ్చింది. కాగితం ఇండియాలో అడుగుపెట్టిన మూడు నెలల్లోగా ఇక్కడ స్టాంపు వేయించాలని 1899 స్టాంపు చట్టంలో వుంది. చాలామంది ఈ మూడు నెలల సంగతి మరిచిపోతారు. కవరు అలమరలో పెట్టి, కొనేవాడు దొరికాక తీస్తారు. అప్పటికి గడువు దాటిపోతుంది.

ఆఖరున ఒక కుటుంబం సంగతి. పేర్లు అవసరం లేదు. కర్నూలు వైపు వారు. ఇంటాయన సౌదీలో పనిచేస్తూ, ఈ అపోస్టిల్ రాకముందే, అక్కడే కాలం చేశారు. జనాజా అక్కడే జరిగింది. కంపెనీ నుంచి రావలసిన జీతం బాకీ, సర్వీసు డబ్బు వుంది. వారసులు ఎవరు, వారి తరఫున ఎవరు పుచ్చుకోవాలి అన్నదానికి తహసీల్దారు ఇచ్చిన వారసుల సర్టిఫికెట్టు, వారసులందరూ రాసిన పవర్ ఆఫ్ అటార్నీ, నిఖానామా, అన్నీ సీళ్లతో కావాలన్నారు. ఆయన భార్య పేరు వారసుల సర్టిఫికెట్టులో బేగం. ఆయన పాస్‌పోర్టు వెనక పుటలో బీ. నిఖానామా ఇంట్లో లేదు, వర్షాల్లో తడిసి పాడైపోయింది. నిఖా చేయించిన ఖాజీ గారు అంతకు ఇరవై ఏళ్ల కిందటే పోయారు.

ఆ ఇల్లాలి అన్న, మన సొసైటీ సభ్యులిద్దరు కలిసి ఖాజీ గారి ఊరు వెళ్లారు. మనుమడు సైకిలు షాపు పెట్టుకున్నాడు. తాతగారి రిజిస్టర్లు పారవేయలేదు. నాలుగు పుస్తకాలు, ఉర్దూలో, ఒక్కొక్క నిఖాకు ఒక్కొక్క పుట. వెతకగా దొరికింది. పెళ్లికూతురి పేరు, తండ్రి పేరు, మెహర్ మొత్తం, ఇద్దరు సాక్షుల సంతకాలు. పేరు పక్కనే ఖాజీ గారు ఆమెను ఇంట్లో పిలిచే పేరు కూడా రాసిపెట్టారు. ఆ అలవాటు ఆయనకు ఎందుకు వచ్చిందో తెలియదు. దాంతో బీ, బేగం ఇద్దరూ ఒకరేనని తహసీల్దారు దగ్గర తేలిపోయింది. నకలు తీసి, తర్జుమా చేయించి, సీళ్లన్నీ వేయించి పంపారు. మొత్తం మీద రెండేళ్లు పట్టింది. డబ్బు ఆ ఇల్లాలికి, పిల్లలకు అందింది.

ఆ రిజిస్టర్లు ఇప్పటికీ ఆ సైకిలు షాపు వెనక గదిలోనే వున్నాయి. ఒకదాని మొదటి పుటలు చెదలు తినేశాయి. మిగిలినవాటిని ఫోటోలు తీయించి పెట్టడానికి ఆ అబ్బాయి ఒప్పుకున్నాడు.